రంపం వెనుక కూలి

1974 అక్టోబరులో అమెరికాలో విడుదలయిన 'ది టెక్సాస్ చైన్ సా మాసకర్' పేరెత్తగానే రక్తపాతం ప్రసక్తి వస్తుంది. హంతకుడు పడుచువాళ్ళను ఒక్కొక్కరినే వేటాడే చిత్రాల పరంపరకు దారితీసినవాటిలో ఇదొకటి. నిజానికి ఇందులో తెరమీద కనిపించే రక్తం బహుస్వల్పం. నాకు తెర వెనుక చెమట లెక్క ముఖ్యమనిపిస్తుంది. సుమారు 1,40,000 డాలర్లతో ఒక చిత్రం పూర్తయిందంటే, తగ్గిన ఖర్చును మరెవరో భరించి ఉండాలి కదా!

దర్శకుడు టోబీ హూపర్, అతనితో కలిసి కథ అల్లినవాడు కిమ్ హెంకెల్. 1973 వేసవిలో, టెక్సాస్‌లో రౌండ్ రాక్ దగ్గర ఒక పాత ఇంట్లో చిత్రీకరణ. వారానికి ఏడు రోజులూ పనే. ఒక్కొక్క రోజు 16 గంటలు. ఖర్చు కలిసివస్తుందని 16 మి.మీ. ఫిల్ముమీద తీసి, తరువాత 35కు పెంచారు. హంతకుడి వేషం వేసిన గన్నర్ హాన్సెన్‌కు ఉన్నది ఒకటే చొక్కా. ఉతికితే రంగు మారుతుందని వారాల తరబడి ఉతకనేలేదు. ఆ కంపుకు భోజనాల దగ్గర అతని పక్కన కూర్చునేవారు లేకపోయారు.

ఇక విందు దృశ్యం. తాత వేషం కుర్రవాడైన జాన్ డుగన్‌ది. గంటలు పట్టే ఆ ముసలి ముఖం మళ్ళీ పెట్టుకోనని అతను భీష్మించడంతో, 26 గంటలకు పైగా ఏకబిగిన తీయవలసివచ్చింది. పగటిని రాత్రి చెయ్యడానికి కిటికీలకు నల్లగుడ్డలు. లోపల దీపాల సెగ, కుళ్ళుతున్న మాంసం, నిజమైన ఎముకలు. షాటు కాగానే మనుషులు గాలి కోసం పరుగెత్తేవారు. నాయిక మారిలిన్ బర్న్స్ వేలు కోసే చోట నకిలీ రక్తపు గొట్టం పదేపదే మొరాయించింది. విసిగిపోయిన హాన్సెన్ కత్తి అంచుకు అంటించిన పట్టీ పీకేసి, నిజంగానే ఆమె వేలు కోశాడు.

కథలో హంతకులది కసాయిశాల కార్మికుల కుటుంబం. పశువులను సుత్తితో చంపేచోట యంత్రపు తుపాకీ వచ్చి జనానికి పనులు పోయాయని ఆ ఇంటి కుర్రవాడే చెబుతాడు. ఇలాంటి చిత్రంలో నిరుద్యోగం మాట ఇంత సూటిగా రావడం అరుదు. దర్శకుడు మాత్రం ఆ మాట అనిపించి వదిలేశాడు. పని పోయినవాణ్ణి రాక్షసుణ్ణి చేసి ఊరుకోవడం నాకు రుచించలేదు.

జీతాలకు డబ్బు చాలక, కొంత బదులుగా లాభాల్లో వాటాలు రాసిచ్చారు. తిరకాసు అక్కడే ఉంది. ఆ వాటాలు చిత్రంలో కావు, హూపర్, హెంకెల్‌ల వోర్టెక్స్ సంస్థలో. వోర్టెక్స్‌కు చిత్రంలో ఉన్నదే సగం. పైగా పంపిణీ చేపట్టిన బ్రయన్‌స్టన్, నేరస్థ ముఠాలతో సంబంధాలున్న పెరైనో కుటుంబానిది. అమెరికా థియేటర్లలో చిత్రం సుమారు 3 కోట్ల డాలర్లు వసూలు చేసింది. వాటా కింద హాన్సెన్‌కు అందిన మొదటి చెక్కు 47 డాలర్ల 7 సెంట్లు.