కారు ఒకరిది, ప్రయాణం ఇద్దరిది

అమెరికా వచ్చిన కొత్తలో ఎవరి కారూ ఎక్కకుండా మొదటి ఏడాది గడిపిన తెలుగువాళ్ళు అరుదు. నేను ఎం.ఎస్. చదివే రోజుల్లో మా అపార్ట్‌మెంటులో కారున్న సీనియర్ ఒక్కడే ఉండేవాడు. శనివారం ఇండియన్ స్టోరుకి బయల్దేరితే వెనక సీట్లో నలుగురం ఇరుక్కుని కూర్చునేవాళ్ళం. ఆయన ఏనాడూ గ్యాస్ డబ్బులు అడగలేదు, మేమూ ఇవ్వలేదు. ఉద్యోగాల్లో చేరాక కూడా మనం అదే పద్ధతి కొనసాగిస్తాం. కాకపోతే వారానికొకసారి స్టోరుకి వెళ్ళడం వేరు, రోజూ ఆఫీసుకి వెళ్ళడం వేరు. ఆ తేడా నాకు ఆలస్యంగా తెలిసింది. ఇలాంటి ఏర్పాటులో ఉన్నవాళ్ళకి పనికొస్తుందని, మా సహోద్యోగి అనుమతితోనే ఇది రాస్తున్నాను.

మొహమాటంతో మొదలైంది

మేముండేది డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో, ఆఫీసేమో ప్లేనోలో. రెండేళ్ళ క్రితం మా టీములో ఒక తెలుగబ్బాయి చేరాడు. వాళ్ళ అపార్ట్‌మెంటు మా ఇంటికి మూడు మైళ్ళు. "అన్నా, కొన్నాళ్ళు మీతో రావచ్చా?" అన్నాడు. "దానికేముందయ్యా, రా" అన్నాను. మొదటి నెల చివర ఇరవై డాలర్ల నోటు తీస్తే, "ఛ ఛ, మన మధ్య డబ్బులేంటి" అని జేబులో పెట్టించాను.

ఎనిమిది నెలలు గడిచినా లైసెన్సు ఊసే లేదు. నాకు లోపల లెక్కలు మొదలయ్యాయి. పొద్దున్నే అతని కోసం పది నిమిషాలు ఆగడం, సాయంత్రం అతని మీటింగు అయ్యేదాకా కూర్చోవడం, మా పాపని డాన్సు క్లాసుకి తీసుకెళ్ళలేకపోవడం, అన్నీ గుర్తుపెట్టుకున్నాను. ఒకరోజు లంచ్‌లో అందరి ముందూ, "మావాడికేం, జీతం లేని డ్రైవరు దొరికాడు" అనేశాను. అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు. మర్నాటి నుంచి ఉబర్‌లో రావడం మొదలుపెట్టాడు.

వారం తర్వాత నేనే వాళ్ళింటికి వెళ్ళి అడిగితే అసలు సంగతి చెప్పాడు. అతనికి రెటినైటిస్ పిగ్మెంటోసా అనే కంటి జబ్బుంది. వంశపారంపర్యంగా వచ్చేది. మొదట రేచీకటిగా మొదలై, తర్వాత పక్క చూపు క్రమంగా తగ్గిపోతుంది. ఎదురుగా ఉన్న కంప్యూటరు బాగానే కనిపిస్తుంది, పక్క లేనులో వచ్చే కారు కనిపించదు. ఉద్యోగానికి ఇబ్బంది అవుతుందేమోనని, ఇంటి దగ్గర సంబంధాలు చూస్తున్నారని ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే మొదటి మాట ఇది: పెద్దవాళ్ళెవరైనా కారు నడపడం లేదంటే బద్ధకమని తేల్చేయకండి. చూపు కావచ్చు, మూర్ఛ కావచ్చు, పాత యాక్సిడెంటు భయం కావచ్చు. కారణం చెప్పాలా వద్దా అన్నది వాళ్ళిష్టం. "ఇది కొన్ని నెలల మాటా, ఎప్పటికీ ఇంతేనా?" అన్నది మాత్రం ఇద్దరూ ముందే మాట్లాడుకోవాలి. ఏర్పాటంతా ఆ జవాబు మీదే ఆధారపడుతుంది.

డబ్బు లెక్క

మనవాళ్ళు సాధారణంగా గ్యాస్‌లో సగం అంటారు. అది సరైన లెక్క కాదు. కారుకి అరుగుదల, టైర్లు, సర్వీసు, ఇన్సూరెన్సు కూడా ఖర్చే. ఇవన్నీ కలిపి 2025లో ఐఆర్ఎస్ వ్యాపార ప్రయాణాలకి ఇచ్చిన రేటు మైలుకి 70 సెంట్లు. మా విషయంలో దాన్ని ఇలా వాడుకున్నాం.

ఇంటి నుంచి ఆఫీసుకి 22 మైళ్ళు. అతన్ని ఎక్కించుకుంటే 25. అంటే రోజుకి రానూపోనూ 50 మైళ్ళు, అందులో అతని కోసం అదనంగా తిరిగేది 6 మైళ్ళు.

కనీస వాటా: ఆ 6 మైళ్ళ ఖర్చు, 4 డాలర్ల 20 సెంట్లు. ఇంతకన్నా తక్కువైతే నడిపేవాడికి నష్టం.
గరిష్ఠ వాటా: 50 మైళ్ళ ఖర్చు 35 డాలర్లలో సగం, 17 డాలర్ల 50 సెంట్లు. ఇంతకు మించితే అది లిఫ్టు కాదు, బేరం.

మేము ఆఫీసుకి వెళ్ళేది నెలకి సుమారు 12 రోజులు. అంటే 50 నుంచి 210 డాలర్ల మధ్య ఎక్కడైనా న్యాయమే. అతను లేకపోయినా నేను ఎలాగూ వెళ్ళాల్సినవాణ్ణే కాబట్టి సగానికి దిగువనే, నెలకి 110 డాలర్ల దగ్గర ఆగాం. జార్జ్ బుష్ టర్న్‌పైక్ టోలు మాత్రం చెరిసగం. మీ మైళ్ళు వేసుకుంటే మీ అంకెలు వస్తాయి.

డబ్బుతో తీరనిది

నడిపేవాడు ఇచ్చేది కారొక్కటే కాదు, తన సమయం కూడా. దానికి మేము పెట్టుకున్న నియమాలు కొన్ని:

పొద్దున 7:30కి అతను గేటు దగ్గర ఉండాలి. ఐదు నిమిషాలు దాటితే నేను వెళ్ళిపోతాను, తర్వాత ఎవరూ నొచ్చుకోకూడదు.
సాయంత్రం 5:15కి బయల్దేరతాను. అతనికి పనుంటే ఉబర్ చూసుకుంటాడు.
గురువారం పాప డాన్సు క్లాసు. ఆ సాయంత్రం నేను ఎవరికీ డ్రైవర్ని కాను.
దార్లో కాల్ వస్తే అతనే మాట్లాడతాడు. టెక్సస్‌లో నడుపుతూ మెసేజీలు చూడటం, పంపడం 2017 నుంచి నేరం. మా ఇద్దరి స్టేటస్ అతనే చెప్పేస్తాడు.
నెలకొకసారి రాత్రి ఆన్‌కాల్ డ్యూటీల్లో నా వంతు ఒకటి అతను చేస్తాడు. ఇది అతనే అడిగి తీసుకున్నాడు. నాకు అన్నిటికన్నా విలువైన వాటా ఇదే.

ఇన్సూరెన్సు, టాక్స్

రోజూ డబ్బు తీసుకుంటే టాక్సీ నడిపినట్టవుతుందా అని నాకూ అనుమానం వచ్చింది. మామూలు కారు పాలసీలు అద్దెకి తిప్పడాన్ని మినహాయిస్తాయి కానీ, ఖర్చు పంచుకునే కార్‌పూల్‌ని సాధారణంగా ఒప్పుకుంటాయి. మీ పాలసీలో ఆ మాట ఉందో లేదో చూసుకోండి. ఐఆర్ఎస్ కూడా ఆఫీసు కార్‌పూల్‌లో తోటివాళ్ళిచ్చే డబ్బుని ఖర్చుల చెల్లింపుగానే చూస్తుంది, ఆదాయంగా కాదు. లాభం కోసం వ్యాపారంలా నడిపితే కథ వేరు.

నేర్చుకోగలిగినవారైతే

టెక్సస్‌లో రాత పరీక్షలో 30 ప్రశ్నలుంటాయి, 70 శాతం వస్తే పాస్. లర్నర్ లైసెన్సు వచ్చాక 21 ఏళ్ళు దాటి లైసెన్సున్నవాళ్ళు పక్క సీట్లో ఉంటే నడపవచ్చు. రోడ్డు పరీక్షకి ముందు రాష్ట్రంవారి ఉచిత ఆన్‌లైన్ వీడియో కోర్సు పూర్తి చేయాలి. వీసా మీద ఉన్నవారికి లైసెన్సు గడువు మన స్టేటస్ గడువుతో ముడిపడి ఉంటుంది. మీ కార్లో నేర్పేముందు ఇన్సూరెన్సు కంపెనీకి ఒక ఫోన్ చేయండి. లైసెన్సు రాగానే ఏర్పాటు మారాలి: వారం వారం వంతులేసుకుంటే డబ్బు లెక్కే అక్కర్లేదు.

ఎప్పటికీ నడపలేనివారైతే

లైసెన్సు బదులు డీపీఎస్‌వారే గుర్తింపు కార్డు ఇస్తారు. 1990 నాటి వైకల్య హక్కుల చట్టం, ఏడీఏ, కింద పని వేళల మార్పు గాని, ఇంటి నుంచి పని గాని అడగవచ్చు. మా వాడు మేనేజరుతో మాట్లాడటానికి నాలుగు నెలలు భయపడ్డాడు. మాట్లాడాక చలికాలంలో చీకటి పడేలోపే ఇల్లు చేరేలా వేళలు మారాయి. ఆ నెలల్లో నేనూ గంట ముందే వెళ్ళి గంట ముందే బయల్దేరతాను.

ఇప్పుడు ప్రతి నెలా ఒకటో తారీఖున అతని డబ్బు వస్తుంది. నేను "ఛ ఛ" అనడం మానేశాను. ఇరవై డాలర్లు వద్దన్నప్పుడు ఉదారంగా ఉన్నాననుకున్నాను. నిజానికి అతన్ని అప్పులోనే ఉంచి, ఆ అప్పుని లంచ్ టేబుల్ మీద వసూలు చేశాను. మీ కార్లో ఎవరైనా ఎక్కుతుంటే ఈ వారమే కాగితం మీద లెక్క వేసుకోండి. మీరే ఎక్కుతుంటే వాళ్ళు అడిగేదాకా ఆగకండి.