వీసా చట్టాలూ యజమాని వర్గమూ

2025 సెప్టెంబరులో ట్రంప్ ప్రభుత్వం కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుం విధించగానే మన పత్రికలు గగ్గోలు పెట్టాయి. ఎన్ని వీసాలు, ఎన్ని డాలర్లు అన్న లెక్కలే తప్ప, ఆ వీసా ఎవరి గుప్పిట్లో ఉంటుందన్న ప్రశ్న ఆ రాతల్లో అరుదు. హెచ్-1బికి దరఖాస్తు పెట్టేది పనిచేసే మనిషి కాదు, యజమాని. ఈ చట్టాల చరిత్ర పొడుగునా బేరం అంకె మీద సాగింది. ఈ ముడి మాత్రం తెగలేదు.

1952 చట్టం తెచ్చిన హెచ్-1 వీసాకు సంఖ్యాపరిమితి లేదు. 1990 చట్టం హెచ్-1బిని సృష్టించి ఏటా 65,000 అని హద్దు పెట్టింది. చెల్లుబాటయ్యే వేతనం ఇస్తానని యజమాని కార్మిక శాఖకు హామీపత్రం రాసివ్వాలి. ఆమోదించేటప్పుడు ఆ శాఖ చూడవలసింది పత్రం పూర్తిగా నింపారా, కంటికి కనబడే తప్పులున్నాయా అన్నంత వరకే.

అసలు కథ 1997లో మొదలయింది. అమెరికా సమాచార సాంకేతిక పరిశ్రమల సంఘం 1,90,000 ఉద్యోగాలు ఖాళీగా ఉన్నాయని ఒక సర్వే విడుదల చేసింది. వాణిజ్య శాఖ ఆ అంకెను తన నివేదికలోకి ఎత్తుకుంది. 1998 మార్చిలో కాంగ్రెస్‌కు చెందిన జనరల్ అకౌంటింగ్ ఆఫీసు ఆ సర్వేను తిరగేసి చూస్తే, అడిగిన కంపెనీలలో జవాబిచ్చినవి 14 శాతమే! అయినా ఆ ఏడాదే పరిమితిని 1,15,000కు పెంచే చట్టం వచ్చింది. ఉన్నవాళ్లను తీసేసి ఆ స్థానాల్లో వీసాదారులను పెట్టుకోకూడదన్న షరతు అందరికీ ఉండాలని క్లింటన్ ప్రభుత్వం పట్టుబట్టింది. పరిశ్రమ ససేమిరా అంది. చివరికది హెచ్-1బి మీద అధికంగా ఆధారపడే కంపెనీలకే పరిమితమైంది. 60,000 డాలర్ల జీతమిస్తే వాటికీ మినహాయింపే. 2025 నాటికి కూడా ఆ 60,000 పెరగలేదు.

2000 అక్టోబరు 3న సెనేట్ 96-1 ఓట్లతో పరిమితిని మూడేళ్లపాటు 1,95,000 చేసింది. ప్రతినిధుల సభలో ఓట్ల లెక్కింపు కూడా లేదు, మూజువాణీతో సరి. ముడిని కాస్త సడలించింది కూడా ఈ చట్టమేనని ఒప్పుకోవాలి: కొత్త యజమాని దరఖాస్తు పెట్టగానే అతని దగ్గరికి మారవచ్చు. అయితే మరో యజమాని దొరకాలి.

అంకె పెరిగిన ఆ ఏళ్లలోనే మన పల్లెల డబ్బు అమీర్‌పేట కోచింగ్ సెంటర్లకు చేరింది. కట్నాలూ వ్యవసాయపు మిగులూ ఈ శ్రమశక్తి తయారీకి ఎలా పెట్టుబడి అయ్యాయో షియాంగ్ బియావో 2007లో తెలుగువాళ్ల మీద రాసిన పుస్తకంలో చూపించాడు. మన విమర్శకులకు ముందే ఒక చైనీయుడు ఆ పని చేయవలసి వచ్చింది. కన్సల్టెన్సీ 'బెంచి' మీద జీతం లేకుండా కూర్చున్న కుర్రాడినీ, రంగూన్ మేస్త్రీ కింద పనిచేసిన మన కూలీనీ ఒకే గాటన కట్టలేం. జీతాల తేడా చిన్నది కాదు. కాని పని దొరకాలన్నా, ఆ దేశంలో నిలవాలన్నా నడిమివాడి దయ కావడం ఇద్దరికీ సమానమే. అతని వెంట వెళ్లిన ఇంజనీరు భార్యకు పనిచేసే అనుమతి 2015 దాకా లేదు; అప్పుడైనా గ్రీన్‌కార్డు వరసలో ఉన్నవారి భార్యలకే.

యజమాని వర్గం ఏకశిల కాదు. 2013లో జుకర్‌బర్గ్ తోటి అధిపతులతో కలిసి వలస సంస్కరణకోసం ఒక సంస్థ పెట్టాడు. ఆ జూన్‌లో సెనేట్ 68-32తో ఆమోదించిన బిల్లు పరిమితిని పెంచుతూనే, హెచ్-1బి సిబ్బందితో నడిచే ఔట్‌సోర్సింగ్ కంపెనీల ముక్కుకు తాడు వేసింది. గ్రీన్‌కార్డుల కొరత తీర్చే మాట కూడా అందులో ఉంది. ప్రతినిధుల సభ దాన్ని చర్చకే తీసుకోలేదు.

2022 నవంబరులో అదే జుకర్‌బర్గ్ కంపెనీ 11,000 మందిని ఒక్కసారిగా తీసేసింది. వారిలో హెచ్-1బి వాళ్లూ ఉన్నారు. 2017 నుంచి ఉన్న నిబంధన ప్రకారం, కొత్త యజమానిని వెతుక్కోవడానికి వాళ్లకు మిగిలినవి 60 రోజులు.