డిస్కు మీది అంకె

ఖరగ్‌పూర్ పేరు తెలుగువారికి కొత్త కాదు. రైల్వే ఉద్యోగాల కోసం వెళ్లిన మనవాళ్లు ఎందరో తరాలుగా అక్కడే స్థిరపడ్డారు. ఆ ఊరి విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో భూమిని తవ్వే యంత్రాలు చేసే టాటా హిటాచీ కర్మాగారం ఉంది. హిటాచీ అనే ఈ జపాను పేరుకీ, జపాను యానిమేషన్ చిత్రాలైన 'అనిమే'కీ ఏమిటి సంబంధం అంటారా? ఆ చిత్రాలను ఇళ్లకు చేర్చిన డి.వి.డి.కి 1995లో ఉమ్మడి ప్రమాణాన్ని ఒప్పుకున్న పది కంపెనీలలో హిటాచీ ఒకటి.

అంతకుముందు తోషిబా పక్షం ఒక డిస్కుతో, సోనీ, ఫిలిప్స్ మరో డిస్కుతో పోటీకి దిగాయి. రాజీ కుదిరాక, 1996 నవంబరులో మొదటి ప్లేయర్లు జపానులో అమ్మకానికి వచ్చాయి. చూడటానికి డి.వి.డి. అచ్చం సి.డి.లాగే ఉంటుంది. తేడా అంతా సూక్ష్మంలో ఉంది. సి.డి.ని చదివే లేజరు తరంగదైర్ఘ్యం 780 నానోమీటర్లు, డి.వి.డి.ది 650. తరంగం పొట్టిదైతే కాంతి చుక్క చిన్నదవుతుంది. గాడులను దగ్గరగా పేర్చవచ్చు. గాడుల మధ్య దూరం 1.6 మైక్రాన్ల నుంచి 0.74కి తగ్గింది. దాంతో ఒక పొరలోనే 470 కోట్ల బైట్లు పట్టాయి. అనిమే అభిమానులకు ఇది వరమే! క్యాసెట్ల రోజుల్లో డబ్బింగు టేపు కొనాలా, సబ్‌టైటిళ్ల టేపు కొనాలా అని తేల్చుకోవలసి వచ్చేది. డి.వి.డి.లో 8 ధ్వని మార్గాలు, 32 సబ్‌టైటిల్ మార్గాలు ఇమిడాయి.

వరంతో పాటు ఒక తాళం కూడా వచ్చింది. మియజాకి తీసిన 'స్పిరిటెడ్ అవే' జపాను డిస్కు 2002 జూలైలో దుకాణాలకు వచ్చింది. అమెరికా థియేటర్లలో ఆ సినిమా విడుదలైంది సెప్టెంబరులో! డిస్కులు ముందే దేశాలు దాటితే టిక్కెట్లు ఎవరు కొంటారు? ఈ భయంతోనే సినిమా కంపెనీలు ప్రపంచాన్ని ప్రాంతాలుగా విడగొట్టించాయి. అమెరికా 1, జపాను 2, మన దేశం 5. ప్లేయరులోని అంకె, డిస్కులోని అంకె కలవకపోతే బొమ్మ రాదు. ఇందులో సాంకేతిక అవసరమేమీ లేదు, కేవలం వ్యాపారం. అమెరికా నుంచి మీ బాబాయి ముచ్చటపడి తెచ్చిన డిస్కు మీ ఇంట్లో మొరాయించడానికి కారణం ఇదే.

భాష సంగతి వేరు. మార్గాలు 32 ఉన్నా, తెలుగును చేర్చడానికి ఎవరో ఒకరు పూనుకోవాలి కదా! యుగో సాకో ఆలోచనతో జపాను, భారత కళాకారులు కలిసి గీసిన రామాయణం అనిమే 1992 నాటిది. అది తెలుగు మాటలతో మన థియేటర్లకు వచ్చింది 2025 జనవరి 24న.

పాత డిస్కులు కొనేవారు అట్ట వెనుక చిన్న భూగోళం గుర్తులోని అంకెను ముందు చూడండి. '0' లేదా 'ఆల్' అని ఉంటే ఈ ప్రాంతాల పేచీ లేదు. కంప్యూటరు డ్రైవుతో మాత్రం జాగ్రత్త. 2000 తరువాతి డ్రైవులలో ప్రాంతాన్ని సాధారణంగా అయిదుసార్లే మార్చగలం. చివరిసారి ఎంచుకున్న అంకె అలాగే ఉండిపోతుంది.