రంగుల చీటీ చెప్పే అబద్ధాలు

కంప్యూటర్ తెరమీద కుంకుమరంగులో మెరిసిన శుభలేఖ, అచ్చై వచ్చేసరికి ఇటుకరంగుకు దిగిపోవడం ప్రెస్సుల్లో పాత కథే. తెర వెలుతురుతో రంగు చూపిస్తుంది, కాగితం సిరాతో. ఒకరి భాష ఇంకొకరికి రాదు. ఈ తగువు తీర్చడానికే 1993లో అడోబీ, ఆపిల్, కొడాక్, మైక్రోసాఫ్ట్, సన్ సహా ఎనిమిది కంపెనీలు కలిసి ఇంటర్నేషనల్ కలర్ కన్సార్షియం పెట్టుకున్నాయి. పొట్టిగా ఐసీసీ. క్రికెట్ ఐసీసీతో దీనికి ఏ చుట్టరికమూ లేదు. ఫలానా పరికరం ఏ అంకెకు ఏ రంగు చూపిస్తుందో రాసిపెట్టే చిన్న ఫైలుకు ఈ సంస్థ ఒక పద్ధతి ఖాయం చేసింది. అదే కలర్ ప్రొఫైల్. మనం రంగుల చీటీ అనుకుందాం.

చీటీ మొదట్లో 128 బైట్ల శీర్షిక ఉంటుంది. దాని వెనకే విషయసూచిక: ఏ సంగతి ఎన్నో బైటు దగ్గర మొదలవుతుంది, ఎంత పొడవుంటుంది అని. చిక్కంతా ఇక్కడే. తన కొలతలు తానే చెప్పుకునే ఫైలు ఇది. పద్ధతి రాసినవాళ్ల కళ్లముందున్నవి ప్రెస్సులు, డిజైన్ స్టూడియోలు. చీటీ రాసేది పరికరం చేసిన కంపెనీయే కదా, అబద్ధం ఎందుకు చెబుతుంది? కానీ ఆ చీటీ జెపెగ్, పీఎన్‌జీ, పీడీఎఫ్‌ల కడుపులో దూరి ఊరంతా తిరగడం మొదలుపెట్టింది. ఫొటో తెరిచామనే మనం అనుకుంటాం, దాంతోపాటు చీటీ కూడా తెరుచుకుందని మనకు తెలియదు.

అబద్ధం ఎలా పనిచేస్తుందో ఒక లెక్కలో చూడండి. ఎనిమిది సిరాలు, ఒక్కోదానికి 16 మెట్లు అని చీటీ చెప్పిందనుకుందాం. చీటీలోని రంగుల పట్టికలో గళ్లెన్ని? పదహారును ఎనిమిదిసార్లు వేసి గుణిస్తే 4,29,49,67,296. ప్రోగ్రాం లెక్క దాచుకునే ముప్పైరెండు బిట్లలో పట్టే అతిపెద్ద అంకె దీనికన్నా సరిగ్గా ఒకటి తక్కువ. దాంతో పాత స్కూటర్ మీటరులా లెక్క గిర్రున తిరిగి సున్నా దగ్గర ఆగుతుంది. జాగ్రత్త లేని ప్రోగ్రాం సున్నా గళ్లకు చోటు అడిగి తీసుకుని, ఆపైన నిజం గళ్లు నింపుతూ పోతుంది. పక్కవాడి మెమరీ మీద రాత పడుతుంది. ఏం రాయాలో నిర్ణయించేది చీటీ పంపినవాడు. ఇంటీజర్ ఓవర్‌ఫ్లో, దాని వెంట బఫర్ ఓవర్‌ఫ్లో అంటే ఇదే. ఇలాంటి ప్రోగ్రాంలు రాయడానికి వాడే సీ భాష అలాంటి చోట అడ్డు చెప్పదు.

2005లో ఐసీసీ చీటీ పద్ధతికి ఐఎస్ఓ ప్రమాణం హోదా దక్కింది. ఆ ఏడాది జులైలోనే మైక్రోసాఫ్ట్, విండోస్‌లో చీటీ చదివే భాగానికి అత్యవసర స్థాయి మరమ్మతు విడుదల చేసింది. వెబ్ పేజీలోనో మెయిల్‌లోనో బొమ్మ చూస్తే చాలు, కంప్యూటర్ పరాయి చేతికి పోయే లోపం అది. 2008 ఆగస్టులో అలాంటిదే మరొకటి. మధ్యలో 2007లో జావాలోనూ బయటపడింది. ఆపిల్ కంప్యూటర్లలో చీటీ చదివే కలర్‌సింక్‌కూ ఆ వంతు వచ్చింది.

నన్నడిగితే ఈ కథలో అసలు మలుపు 2009 మార్చి. మార్టీ మరియా 1998 నుంచి రాస్తూ వచ్చిన లిటిల్ సీఎంఎస్ అనే, చీటీ చదివే ఉచిత కోడ్ లైబ్రరీని బొమ్మలు దిద్దే గింప్, జావా నడిపే ఓపెన్‌జేడీకే, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ వంటివి వాడుకునేవి. పరిశోధకుడు క్రిస్ ఎవాన్స్ అందులో పలు లోపాలు పట్టుకున్నాడు. అదే నెలలో, పీడీఎఫ్‌లు చూపించే ఘోస్ట్‌స్క్రిప్ట్‌లో చీటీ చదివే కోడ్‌లోనూ ఇంటీజర్ ఓవర్‌ఫ్లోలు తేలాయి. కోడ్ వేరు, రాసినవాళ్లు వేరు, తప్పు మాత్రం ఒకటే. అంటే ఒక మనిషి అజాగ్రత్త కాదిది. చీటీ మాట నమ్మే అలవాటు కోడ్ రాసే వృత్తి మొత్తానికీ ఉంది.

2013 ఫిబ్రవరిలో జావా రంగుల విభాగంలోని లోపంతో దొంగలు నిజంగానే కంప్యూటర్లలో చొరబడ్డారు. ఆ దాడిలో అబద్ధమాడింది చీటీ కాదు, బొమ్మ కొలతలు. మార్చి 4న జావా యజమాని ఒరాకిల్ హడావిడిగా మరమ్మతు ఇచ్చింది.

ఆ తర్వాత లోపాల వేటను యంత్రాలకు అప్పజెప్పారు. తప్పుడు ఫైళ్లను లక్షలకొద్దీ పుట్టించి ప్రోగ్రాం మీదికి విసిరే ఫజింగ్ అనే పద్ధతి అది. గూగుల్ 2016లో మొదలుపెట్టిన ఓఎస్ఎస్-ఫజ్ అనే ఫజింగ్ సేవలో లిటిల్ సీఎంఎస్‌ను కూడా చేర్చారు. అయినా 2018లో అందులో మరో ఓవర్‌ఫ్లో బయటపడింది. ఫైర్‌ఫాక్స్ వాళ్లు ఇంకో దారి పట్టారు. 2009లోనే క్యూసీఎంఎస్ అనే సొంత లైబ్రరీకి మారి, తర్వాత దాన్ని హద్దులు దాటనివ్వని రస్ట్ భాషలోకి తెచ్చుకున్నారు. నాకు నచ్చిన దారి ఇదే.

చీటీ మాత్రం చిక్కిపోలేదు, పెరిగింది. 2019లో ఐఎస్ఓ ప్రమాణమైన ఐసీసీమ్యాక్స్ అనే కొత్త చీటీ పద్ధతితో చీటీలోనే లెక్కలు చేసే చిన్న ప్రోగ్రాం పెట్టుకోవచ్చు. దాన్ని ఎలా చదవాలో చూపడానికి ఐసీసీ ఒక నమూనా కోడ్ కూడా ఇచ్చింది. పిల్లలు దిద్దుకోవడానికి పంతులుగారు రాసిచ్చే ఒజ్జబంతి లాంటిది. 2023లో ఆ ఒజ్జబంతిలోనే స్టాక్ బఫర్ ఓవర్‌ఫ్లో, హద్దు దాటి చదివే లోపం బయటపడ్డాయి. అది రాసింది, సీలాగే ఇలాంటి చోట అడ్డు చెప్పని సీ ప్లస్ ప్లస్‌లో.