రెండక్షరాల జాడ

నిరుడు కార్తీకమాసంలో ఊరెళ్లినప్పుడు రాత్రి డాబా మీద బైనాక్యులర్స్ పట్టుకుని కూర్చున్నాను. కృత్తికలు సులువుగానే దొరికాయి. అమ్మమ్మ వాటిని ‘పిల్లలకోడి’ అనేది. నేను వెతుకుతున్న గుంపు వేరు. అది ఉత్తరాన కాసియోపియాలో ఉన్న ఎన్.జి.సి. 7789. చాలాసేపటికి చిన్న పొగమరకలా కనిపించింది. టెలిస్కోపులో ఆ మసకే వందల సన్నటి చుక్కలుగా విడిపోతుంది. వాటి మధ్య నల్లటి చారలు గులాబీరేకుల మడతల్లా ఉంటాయి. అందుకే దాన్ని ‘కారోలిన్ గులాబీ’ అంటారు.

కారోలిన్ హెర్షెల్ 1750లో జర్మనీలోని హనోవర్‌లో పుట్టింది. పదేళ్లప్పుడు టైఫస్ జ్వరం వచ్చి ఎదుగుదల ఆగిపోయింది. తల్లి ఆమెను ఇంటిచాకిరీకే అట్టేపెట్టాలనుకుంది. 1772లో అన్న విలియం ఇంగ్లండు తీసుకుపోయాడు. అక్కడ ఇల్లు నడిపింది, కచేరీల్లో పాడింది. అన్న టెలిస్కోపు అద్దాలు నునుపు చేస్తూ చెయ్యి తియ్యలేనప్పుడు నోటికి తిండి అందించింది.

1782లో ఆమెకంటూ ఒక చిన్న టెలిస్కోపు దొరికింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ఎన్.జి.సి. 2360ని, శరత్కాలంలో ఈ గులాబీని కనిపెట్టింది. అంతలోనే అన్న పెద్ద టెలిస్కోపుతో ఆకాశాన్ని జల్లెడ పట్టడం మొదలుపెట్టాడు. ఆయన చెప్పింది రాయడం ఆమె పనయింది. 1783 డిసెంబరు 31 రాత్రి మంచులో పరుగెడుతూ పడితే ఇనుపకొక్కెం కాల్లో దిగబడింది. 1786లో మొదటి తోకచుక్కను కనిపెట్టింది, అన్న ఊళ్లో లేనప్పుడే!

ఆ ఏడాదే విలియం వెయ్యి నెబ్యులాలు, నక్షత్రగుచ్ఛాల పట్టిక అచ్చయింది. తర్వాతి పట్టికలో చెల్లెలి గులాబీకీ ఆయన వరుససంఖ్యే పడింది. పక్కన ‘సి.హెచ్.’ అని రెండక్షరాలు. ఆయన దాచలేదు, నిజమే. కానీ ఆ రెండక్షరాల దగ్గర ఎంతమంది ఆగి ఉంటారు?

1787లో రాజు ఆమెకు ఏడాదికి 50 పౌన్ల జీతం ఏర్పాటు చేశాడు. 1828లో రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీ బంగారు పతకం వచ్చింది. ఆ పతకం మరో స్త్రీకి, వేరా రూబిన్‌కి, అందడానికి 1996 దాకా పట్టింది. ఇంత చేసీ కారోలిన్ తనను అన్న చేతిలో పనిముట్టుగానే చెప్పుకుంది.

ఈ వినయం మనకు కొత్తా? ఒకప్పుడు నేనూ ఒక సిద్ధాంతగ్రంథానికి కార్డులు రాసి, ప్రూఫులు దిద్ది, పదసూచిక తయారుచేశాను. కృతజ్ఞతల పేజీలో ‘సహకరించిన నా శ్రీమతికి’ అని ఉంది. అప్పుడు అది చదివి నేను మురిసిపోయాను కూడా.

ఆ రాత్రి ఆ పొగమరకను చూస్తూ నన్ను నేను అడిగిన మాట ఒకటే. నా పేరులోని రెండక్షరాలైనా అక్కడ ఉండాలని నేనెందుకు అడగలేదు?