పుట్టగొడుగు - పేరులోని శాస్త్రము

తొలకరి వానలు కురిసిన పిమ్మట మండవల్లి, కైకలూరు ప్రాంతపు పొలము గట్లపైనను, మన్యములోని ఆకురాల్చు అడవులలోను పుట్టగొడుగులు తలయెత్తును. వీనిని మన పూర్వులు రెండు మాటలు కలిపి పిలిచిరి. "గొడుగు" ఆకారమును తెలుపును. "పుట్ట" ఉనికిని తెలుపును. ఈ రెండవ మాట విలువను గ్రహించుటకు శాస్త్రజ్ఞులకు నూట అరువది యేండ్లు పట్టినది.

తరంగంబాడిలోని డేనిష్ మిషనుకు 1768లో వైద్యుడుగా వచ్చిన యోహాన్ కోనిగ్, లిన్నేయసు శిష్యుడు. చెదపురుగుల గూళ్లలో శిలీంధ్రము పెరుగుచున్నదని ఆయన 1779లో ప్రకటించెను. 1785లో ఆయన కన్నుమూసినది మన కాకినాడ చెంతనున్న జగన్నాథపురములోనే.

ఆ పిమ్మట సింహళమునుండి వచ్చిన నమూనాలను చూచి బర్కిలీ 1847లో ఒక పుట్టగొడుగును అగారికస్ ప్రజాతిలో చేర్చెను. దానినే పెచ్, సింహళములో చెదగూళ్లను పరిశోధించి 1906లో ప్రకటించిన గ్రంథములో, వోల్వేరియా అనెను. గొడుగును బట్టి పేరు పెట్టినంతకాలము ఒకే జీవి ఇట్లు పలు పేర్లతో తిరుగాడినది. తుదకు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు రోజర్ హైమ్ 1942లో ఇట్టివానినన్నిటిని ఒకచోట చేర్చి టెర్మిటోమైసిస్ అని పేరిడెను. ఆ మాటకు అర్థము "చెదల శిలీంధ్రము". దక్షిణ భారతములో దొరకిన ఒక జాతికి 1979లో నటరాజన్ హైమ్ పేరే పెట్టెను.

ఈ చెలిమి యెట్టిది? చెదలు ఎండుకఱ్ఱను, రాలిన ఆకులను తిని, విసర్జించిన పదార్థముతో పుట్టలో తేనెపట్టువంటి పట్టులు కట్టును. వానిపై శిలీంధ్రము పెరిగి, కఱ్ఱలోని లిగ్నిన్, సెల్యులోజులను విడగొట్టి చెదలకు ఆహారమగును. వానకాలమున అది పట్టునుండి వేరువంటి పొడవైన కాడను మట్టిగుండ పైకి పంపి గొడుగు విప్పును. చెదలు లేనిదే పండించు ఉపాయము ఇంకను వ్యాపారస్థాయికి రాలేదు. అందుచేత వీనిని నేటికిని వెదకి ఏరుకొనవలసినదే.

అయితే నేడు విషపు జాతులను సైతము పుట్టగొడుగులనియే పిలుచుచున్నాము. కనుక పేరును మాత్రము నమ్మరాదు. చెదల శిలీంధ్రము కాడను త్రవ్విచూచినచో అది పట్టువరకు పోవును. దాని సిద్ధబీజములు లేత గులాబి రంగువి. ప్రాణాంతకమైన అమనిటా జాతులలో కాడ మొదట గిన్నెవంటి తొడుగు ఉండును, సిద్ధబీజములు తెల్లనివి. వాంతులు కలిగించు క్లోరోఫిల్లం అను పచ్చికబయళ్ల జాతి సిద్ధబీజములు ఆకుపచ్చనివి. గొడుగును సగము నల్లని, సగము తెల్లని కాగితముపై బోర్లించి ఒక రాత్రి గాజుగ్లాసు మూసి యుంచినచో ఈ రంగులను పాఠశాలలోనే చూడవచ్చును. పిమ్మట చేతులు కడుగుకొనవలెను.

వెండినాణెము నల్లబడనిచో విషము లేదనుట అపోహ. అమనిటా విషము ఉడికించినను నశింపదు. తిన్న ఆరు గంటలకో, అంతకు మించియో వాంతులు మొదలగును; అవి తగ్గినట్లు తోచినను లోపల కాలేయము చెడుచుండును. పై గుర్తులు పరిశీలనకే గాని, వానిని మాత్రమే నమ్మి తినరాదు. తరతరాలుగా ఏరుచున్న అనుభవజ్ఞులు గుర్తుపట్టినవే తినవలెను. సందేహమున్నచో పారవేయవలెను. తిన్నవారికి వాంతులైనచో, మిగిలిన పుట్టగొడుగుతో సహా వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను.