బాటసారి బస



మూఁడేండ్ల క్రిందట మాఘమాసమున నేనును నా గృహిణియుఁ గాశికిఁ బోయితిమి. రైలు దిగునప్పటికి రాత్రి తొమ్మిది గంటలు దాఁటినది. స్టేషను వెలుపల నడుగుపెట్టకమునుపే యొక చిన్నవాఁడు వచ్చి నా చేతిలోని పెట్టె నందుకొని, "బాబూజీ, గంగకు రెండడుగులు, గది నాలుగువందలు" అని హిందీలోఁ బలికెను. అలసియుంటిమి, వాని వెంటఁ బోయితిమి. ఆ రెండడుగులు అరక్రోశమైనవి. గది మూఁడవ యంతస్తున నుండెను. నా గృహిణికి మోకాలినొప్పి. తెల్లవాఱి లెక్క చూడఁగా నాలుగువందలు గది కద్దె కాదఁట, మనిషి కద్దెయఁట. వేడినీళ్ళకు వేఱు, దుప్పటికి వేఱు. వాదించుటకు నా హిందీ చాలలేదు. ధైర్యము అంతకంటెను జాలలేదు. అడిగినది యిచ్చి వచ్చితిమి. మెట్లు దిగుచు నా గృహిణి, "ఏమండీ! ముప్పదియేండ్లు పిల్లలకు లెక్కలు చెప్పితిరి గదా, గదికా మనిషికా యని యడుగుట మఱచితిరా?" అనెను.

ఆ ప్రశ్నయే నేఁటి యీ ప్రసంగమునకు మూలము. పరదేశమునకుఁ బోయినవాఁడు తల దాఁచుకొను చోటు నెట్లు ఎన్నుకొనవలెను? మన పెద్దలు ఎట్లు ఎన్నుకొనిరి? వారికి ఆ చోటు నెవరు కల్పించిరి? ఈ మూఁటికిని జరిత్రలో సమాధానము లున్నవి.

మొదటి సమాధానము మన సీమలోనే రాతిమీఁద నున్నది. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి కొండబండలపై అశోకచక్రవర్తి క్రీస్తుపూర్వము 3వ శతాబ్దమున శాసనములు చెక్కించెను. మనుష్యులకును బశువులకును వైద్యము కల్పించితిననియు, త్రోవల వెంట బావులు త్రవ్వించి చెట్లు నాటించితిననియు అందొక శాసనము చెప్పుచున్నది. బాటసారికి రాజు మొదట నిచ్చినది మేడ కాదు, నీరును, నీడయును. ఎంత గొప్ప విడిదియైనను నీరు చెడ్డదైన నది బస కాదని దీనివలన గ్రహింపవలెను.

సత్రమను మాట యందఱికిని దెలిసినదే. వైదికభాషలో సత్ర మనఁగా పలువురు యజమానులు కలిసి బహుదినములు చేయు యాగము. కాలక్రమమున ఆ మాట యన్నదానశాలకుఁ బేరయ్యెను. ఈ మార్పు అకారణముగాఁ గలిగినది కాదు. త్రోవనుబోవువానికిఁ బట్టెడన్నము పెట్టుటయు యాగమే యని మనవారు తలఁచిరి. చావడి యను మన తెలుఁగుమాటను ఇంగ్లీషువారు 'చౌల్ట్రీ' యని పలికి తమ నిఘంటువులలోఁ జేర్చుకొనిరి.

ఊరక పెట్టుచోట్లు మాత్రమే కాక, వెలకుఁ బెట్టుచోట్లును మనకుఁ బూర్వమునుండి కలవు. 15వ శతాబ్దపు క్రీడాభిరామమున నోరుగంటి నగరవర్ణనలో నొక పూటకూళ్ళయిల్లు కనఁబడును. ఒక్క రూక యిచ్చినవానికి మేలైన యన్నము, గోధుమ పిండివంట, పప్పు, నేయి, అరఁటిపండ్లు, పెరుగు మొదలుగాఁ గల భోజనము అచట దొరకెడిదని కవి చెప్పినాఁడు. ఇందు మనము గమనింపవలసినది వంటకముల పట్టిక కాదు. ధర ముందుగానే తెలిసియుండుట. రూక యన్న రూకయే. నాకుఁ గాశిలోఁ దప్పిపోయినది ఇదియే. గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కములో పూటకూళ్ళమ్మను జూచి నవ్వుకొన్నవారు, అట్టి స్త్రీలు ఎందఱు కచేరీపనులకు వచ్చినవారి యాఁకలి తీర్చిరో తలఁచి చూడవలెను.

తురుష్కరాజుల కాలమున సరాయిలు వచ్చినవి. షేర్షా 1540 మొదలు 1545 వఱకు ఢిల్లీ నేలిన స్వల్పకాలములోనే రెండేసి కోసుల కొకటి చొప్పున సరాయిలు గట్టించెననియు, వాని సంఖ్య 1,700 అనియు అక్బరు కాలమున వ్రాసిన అబ్బాసుఖాను చెప్పినాఁడు. హిందువులకును ముసల్మానులకును అందు వేఱువేఱుగా నీటి యేర్పాటు, వంట యేర్పాటు నుండెడివి. మన గోలకొండ రాజ్యమునను ఇట్టివి కలవు. షేకుపేట సరాయి రెండంతస్తుల కట్టడము; మనుష్యులకు గదులును, గుఱ్ఱములకు ఒంటెలకు సాలలును గలది. హైదరాబాదునుండి మచిలీపట్టణము పోవు త్రోవలో హయాతునగరున 17వ శతాబ్దపు మసీదు చుట్టును బాటసారుల గదులు నేఁటికిని గాననగును. చుట్టుగోడ, ఒక్క పెద్ద వాకిలి, నడుమ ముంగిలి, ఇది సరాయి యాకారము. రాత్రి వాకిలి మూసినచో లోపలివాఁడు నిర్భయముగా నిద్రించెడివాఁడు.

ఆ నిర్భయ మెంత విలువగలదో యేనుఁగుల వీరాస్వామిగారి కాలపు త్రోవలను దలఁచినచోఁ దెలియును. ఈయన చెన్నపట్టణపు సుప్రీముకోర్టున దుబాసి. 1830వ సంవత్సరము మే 18వ తేదీని చెన్నపట్టణమునుండి బయలుదేఱి, తిరుపతి, కడప, హైదరాబాదు, నాగపురము, జబ్బలపురముల మీఁదుగాఁ గాశికిఁ బోయి, గయను, కలకత్తాను, జగన్నాథమును జూచుకొని, 1831 సెప్టెంబరు 3వ తేదీని ఇల్లు చేరెను. పదునైదు నెలలు దాఁటిన ప్రయాణము. పల్లకీలు, గుడారములు, సుమారు నూఱుమంది పరివారము. త్రోవలోని విశేషములను దన మిత్రుఁడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారికి జాబులుగా వ్రాయుచుండెను. ఆ జాబులే 1838లోఁ గాశీయాత్రచరిత్రయను పేర నచ్చుపడెను. 1941లో దిగవల్లి వేంకట శివరావుగారు వానిని మరల వెలువరించిరి.

ఆ పుస్తకమును మీలోఁ జదువనివారు తప్పక చదువుఁడు. గుడిగోపురముల వర్ణనయే ఉండునని యెంచి తెఱచితిని గాని, ప్రతి మజిలీకడను ఆయన చూచినది వేఱు. ఊరు చిన్నదా పెద్దదా? అంగళ్ళున్నవా? బియ్యము, పప్పు, నేయి దొరకునా? నీరు బావిదా, గుంటదా, యేటిదా? దిగుటకుఁ జావడి యున్నదా, చెట్టునీడ యున్నదా? త్రోవ రాతిదా, రేగడిదా? తన వెనుక వచ్చు తెలుఁగువాఁడు మోసపోకుండుటకై యాయన యింత శ్రమపడెను. గుడారమును వెంటఁ గొనిపోవువానికే నీటినిగూర్చియు అంగడినిగూర్చియు నింత విచారము కలుగఁగా, చేతిసంచితోఁ బోవు మనకెంత కలుగవలెను!

ఆ దినములలో నాగపురము జబ్బలపురము త్రోవలలో థగ్గుల భయ ముండెడిది. వారు దొంగలవలె మీఁదఁబడువారు కారు. బాటసారితో నేస్తము గట్టి, రెండుమూఁడు మజిలీలు కలిసి నడచి, నమ్మినపిదప గొంతునకు గుడ్డ బిగించి చంపువారు. 1830 తరువాతి సంవత్సరములలో స్లీమను దొర మొదలగువారు వారిని అణఁచిరి. థగ్గులు పోయిరి గాని, అడుగకయే స్నేహము చేయువానిని నమ్మరాదను పాఠము మాత్రము పోలేదు. స్టేషనులో నా పెట్టె నందుకొన్న చిన్నవాఁడు థగ్గు కాఁడు, పాపము! దళారి యంతియే. ఐనను ఆ పాఠము నాకు మఱపు వచ్చెను.

మజిలీ యనునది అరబ్బీభాషనుండి మనకు వచ్చిన మాట. మధిర సుబ్బన్న దీక్షితులుగారు కాశీమజిలీకథలను మజిలీకొక కథగాఁ గూర్చిరి. కాలినడకను బోవువానికి దినమున కొక మజిలీ తప్పదు. అందుచేతనే త్రోవలమీఁది యూళ్ళలో సత్రములు వెలసినవి. 1853లో బొంబాయినుండి ఠాణాకును, 1856లోఁ జెన్నపట్టణపు రాయపురమునుండి వాలాజాకును రైళ్ళు నడచినవి. 1900లో రాజమహేంద్రవరముకడ గోదావరికి రైలువంతెన వచ్చెను. వీరాస్వామిగారు నెలల తరబడి నడచిన దారిని మనము రెండు రాత్రులు నిద్రించి దాఁటుచున్నాము. నడుమనున్న మజిలీ లన్నియు మాయమయ్యెను. స్టేషను నెదుట సత్రములు, లాడ్జీలు లేచినవి. పల్లెసత్రములలో దిగువాఁడు లేఁడయ్యెను. మన సత్రములు పాడగుటకు మనలో ధర్మము నశించుట యొక్కటియే కారణము కాదు. బాట మాఱినది, బాటసారి మాఱినాఁడు.

ఈ మార్పుతోడనే దొరతనమువారును గొన్ని కట్టుబాట్లు చేసిరి. 1867వ సంవత్సరపు సరాయిల చట్టము ప్రకారము సరాయి నడుపువాఁడు పేరు నమోదు చేయించుకొనవలెను, గదులను శుభ్రపఱుపవలెను, కావలివాండ్ర నుంచవలెను, దొంగ లెక్కి దిగుటకు వీలైన చెట్టుకొమ్మలను గొట్టివేయవలెను, అద్దెల పట్టికను మేజిస్ట్రేటు చెప్పిన భాషలలో నందఱికిఁ గనఁబడునట్లు కట్టవలెను. చూచితిరా! అశోకుని నీరు, ఓరుగంటి రూక, సరాయి వాకిలి, మూఁడును ఈ చట్టములోఁ జేరినవి. మంచి బసకు లక్షణములు రెండువేల యేండ్లలో మాఱలేదు. మాఱినదొక్కటియే. నాఁడు ఆ లక్షణములను గనిపెట్టు భారము చాలవఱకు దాతమీఁద నుండెను; నేఁడది బాటసారిమీఁదఁ బడినది.

కావున యాత్రకుఁ బోవుచున్న మీకు నేను మనవి చేయునది యిది. పొద్దుండఁగానే ఊరు చేరునట్టి బండి నెక్కుఁడు. రాత్రి చేరక తప్పనిచో స్టేషనులోని విశ్రాంతిగదిని ముందుగాఁ గుదుర్చుకొని, తెల్లవాఱిన పిమ్మట బస వెదకుకొనుఁడు. మీ యూరినుండి పోయివచ్చిన వారి నడిగి రెండు మూఁడు పేర్లు వ్రాసికొని పొండు. కాశివంటి క్షేత్రములలో తెలుఁగువారి యాశ్రమములు, సత్రములు కలవు. ముందుగా జాబు వ్రాసియో, దూరవాణిలో మాటాడియో చోటు నిలుపుకొనుఁడు. పండుగదినములలో ధరలు హెచ్చును, మర్యాద తగ్గును. గదిని గన్నులారఁ జూడనిదే రూక యీయకుఁడు. కొళాయి త్రిప్పి నీరు చూడుఁడు. మరుఁగుదొడ్డిని జూడుఁడు. తలుపునకు లోపలి గడియ చూడుఁడు. మోకాళ్ళు నొచ్చువారు నేలమీఁది గదినే యడుగుఁడు. అద్దె గదికా, మనిషికా? పన్నుతోఁ గలిపియా, వేఱుగానా? దినమనఁగా ఇరువదినాలుగు గంటలా, లేక మధ్యాహ్నము పండ్రెండింటికే ముగియునా? ఈ మూఁడు ప్రశ్నలను సిగ్గుపడక యడిగి, రసీదు పుచ్చుకొనుఁడు. నేఁడు మన పిల్లలు చేతిలోని ఫోనులోనే గదిబొమ్మ చూపుదురు. మంచిదే. కాని బొమ్మలో మంచము కనఁబడును గాని, నీటిరుచి కనఁబడదు. వాకిలికాఁపు మాటతీరు వినఁబడదు.

ఇఁక నొక్క మాట. ఇది యాత్రికులకుఁ గాదు, మీవంటి యూరి పెద్దలకు.

మా యూర నొక సత్రము కలదు. ఎవరో పుణ్యాత్ముఁడు కట్టించి, దాని పోషణకు మాన్య మిచ్చెను. నా చిన్ననాఁడు అందు కాశికావడి మోయువారు దిగుట చూచితిని. నేఁడు కప్పు కూలినది. భూమి యేనాఁటిదో కౌలుకు సాగుచున్నది. సత్రములో నెవరును దిగుటలేదు గనుక ఆ స్థలమును అంగళ్ళకు వేలము వేయుద మని పోయిన యేఁడు సభలో మాట వచ్చినది. దిగువాఁడు లేఁడన్నది నిజమే. నేనును నోరు మెదపలేకపోతిని.

ఇట్టిది క్రొత్తగా వచ్చిన యాపద కాదు. 1817లోనే చెన్నపట్టణపు కుంపినీవారు చేసిన 7వ రెగ్యులేషను సత్రములను బేరెత్తి చెప్పినది. దాతలు ధర్మమునకై యిచ్చిన భూముల రాఁబడి పలుచోట్ల దాతల యుద్దేశమునకు విరుద్ధముగా చేతనున్నవారి సొంతమునకే పోవుచున్నదని దాని పీఠికలోనే వ్రాసిరి. నేఁడు మన రెండు తెలుఁగు రాష్ట్రములలోను 1987వ సంవత్సరపు దేవాదాయ ధర్మాదాయ చట్టము క్రింద ఇట్టి సత్రములకు రక్షణ కలదు. ఆ భూములను దలఁచినట్టు అమ్మ వీలు లేదు. కాని దస్తావేజు ఎచట నున్నదో యెఱుఁగనివారికి చట్ట మేమి చేయును? నాకుఁ దోఁచునదేమనఁగా, మొదట మీమీ యూరి సత్రపు దానపత్రమును వెదకి తీసి, అందేమున్నదో పదిమందిలోఁ జదివింపుఁడు.

పిమ్మట బాటసారి యెక్కడికిఁ బోయినాఁడో చూడుఁడు. కాశికావడివాఁడు మనయూర దిగుట మానినాఁడు, నిజమే. కాని జిల్లాపట్టణములోని పెద్దాసుపత్రి వసారాలో రాత్రిపూట నొకసారి నడచి చూడుఁడు. లోపల రోగి మంచముపైఁ బడియుండఁగా, బయట వాని తల్లియో తమ్ముఁడో చాప పఱచుకొని, మూటనే తలగడగాఁ జేసికొని పడుకొనియుందురు. లాడ్జికిఁ బెట్టుటకు వారియొద్ద డబ్బు లేదు. నేఁటి బాటసారులు వీరే. మీ సత్రపు భూమి రాఁబడిని, అధికారుల యనుమతితో, అట్టివారికి నాలుగు గదులుగాను, ఒక కొళాయిగాను మార్చినచో దాత సంకల్పము చెడదు. బాట మాఱినచోటికి సత్రమును నడిపించినట్లగును.

కాశిలో నాకు నష్టమైనది నాలుగువందలు, అది యెంత? ఆ రాత్రి ఆ గదిలో నిద్రపట్టక, అపరిచితునికి లభించిన చోటును బట్టియే యూరి గౌరవ మేర్పడునని తెలిసికొంటిని. మన యూళ్ళను ఆ పరీక్షలో నిలుపుట మన పని. ఈసారి సభలో నేను నోరు మెదపుదును. మీరును మీమీ సభలలో మెదపుదురు గాక!